ఫొటోలో మిగిలిన గాడి

మా మామగారికి నేను నచ్చింది నా నోటి వల్ల. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ నోరు తర్వాత ఏం చేసిందో చెప్పాలంటే ముందు ఈ సంగతి చెప్పక తప్పదు.

మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన కుటుంబం. నాన్న కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతారు. మా ఆయన వాళ్ళది నల్గొండ వైపు పల్లె. మామగారు చిన్నతనంలోనే ఊరు వదిలి, లారీ మీద క్లీనరుగా చేరి, తర్వాత డ్రైవరై, మన్సూరాబాద్‌లో జాగా కొని, ఒక్కో గదీ కట్టుకుంటూ వచ్చారు. మా పెళ్ళి మేమే కుదుర్చుకున్నాం. మా అమ్మ మూతి ముడుచుకుంది. అత్తగారు వంటింటి అవసరానికి మించి నాతో ఒక్క మాట మాట్లాడేవారు కాదు. ఆదివారం భోజనానికి వెళ్తే పళ్ళేల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు.

నాకు నిశ్శబ్దం పడదు. ఒక ఆదివారం మామగారు మళ్ళీ మళ్ళీ మటన్ వడ్డించుకుంటుంటే ఉండబట్టలేక, "జర మాకు గూడ ఉంచు మామా, మేం గూడ మనుషులమే గదా!" అనేశాను. ఆ యాస నాకు కొత్త కాదు. బడిలో, ఆటోల్లో, కూరగాయల బండి దగ్గర వింటూ పెరిగాను. మా ఇంట్లో అలా మాట్లాడితే అమ్మ ఒప్పుకునేది కాదు, అంతే. అనేసి నాలుక కరుచుకున్నాను. మామగారు నా వైపు ఒకసారి తేరిపార చూసి, పొలమారేలా నవ్వారు. అత్తగారు లేచి ఆయన నెత్తి మీద తట్టాల్సి వచ్చింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నాకు చోటు దొరికింది. ఎవరు వచ్చినా ఆయన నన్ను పిలిచేవారు. "కోడలు పిల్లా, ఇటు రా. మా ఆంధ్ర కోడలు మన మాట ఎట్ల మాట్లాడతదో ఇనుండ్రి." నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని నాలుగు మాటలు విసిరేదాన్ని. ఆయన ఒళ్ళంతా కదిలేలా నవ్వేవారు. సొంత తండ్రి నన్ను చూసి అలా నవ్విన గుర్తు నాకు లేదు. అత్తగారు కూడా మెల్లగా మెత్తబడ్డారు. ఆదివారాలంటే నాకు ఇష్టం పట్టుకుంది.

పోర్చుగల్ ఆలోచన మా ఆయనది. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నా, హోటళ్ళలో దిగి యూరప్ చూసే స్తోమత మాకు లేదు. తను ఎక్కడో ఒక సైటు పట్టుకున్నాడు. అక్కడ ఎవరింట్లోనో రోజూ కొంతసేపు పని చేసి పెడితే వాళ్ళు తిండి, పడక ఇస్తారు. పని అయ్యాక మన తిరుగుడు మనది. నాకు అందులో 'పని' అన్న మాట కన్నా 'పోర్చుగల్' అన్న మాటే గట్టిగా వినిపించింది. నెల సెలవు పెట్టుకున్నాం.

బయల్దేరే ముందు తను ఒక్కటే చెప్పాడు. "నాయినకి పని సంగతి చెప్పకు. దోస్తు ఇంటికి పోతున్నమని చెప్పిన."

"మా అమ్మకి మాత్రం చెప్తానా ఏంటి!" అన్నాను. ఇద్దరం దాస్తున్నది ఒకందుకే అనుకున్నాను. కూతురూ అల్లుడూ పరాయి దేశంలో ఎవరింట్లోనో పని చేస్తున్నారని తెలిస్తే మా అమ్మకి అపార్ట్‌మెంట్‌లో తలెత్తుకోవడం కష్టం. మామగారికీ అంతేననుకున్నాను. ఎందుకు చెప్పొద్దంటున్నావని అడగనైనా లేదు.

మేము వెళ్ళింది కొండల్లో ఒక ఊరు. పెద్ద వయసు భార్యాభర్తలు మేకల్ని పెంచి చీజ్ చేస్తారు. వచ్చేపోయే అతిథులకు ఇంట్లో గదులు ఇస్తారు. మాకిచ్చిన గది ఇంటి వెనకాల విడిగా ఉంది. రాతి గోడలకు తెల్ల సున్నం, నీలం రంగు తలుపు, పూల దుప్పటి. ఒకప్పుడు అది పశువుల పాక అని పెద్దావిడ చెప్పింది. ఒక గోడ పొడవునా రాతి తొట్టి ఉంటే దాన్ని అలాగే ఉంచి, అందులో పుస్తకాలు పేర్చి, ఒక దీపం, ఎండిన పూల కట్ట పెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత వెళ్ళి ఆ రాతి అంచు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఇది గాడి," అన్నాడు. గాడి అంటే పశువులకు మేత వేసే తొట్టి.

"ఎంత బాగుందో కదా?" అన్నాను నేను.

తను మంచాన్ని ఆ గోడకు దూరంగా జరిపాడు. గాలి కోసం జరిపాడనుకున్నాను.

మరునాడు నాకు పని అప్పజెప్పారు. అతిథుల గదులు సర్దాలి, బాత్రూములు కడగాలి. ఇక్కడ మా ఫ్లాట్‌లో ఆ పనికి ఒకావిడ వస్తుంది. ఆ పనిలో నా వంతు, ఆవిడ రాని రోజు విసుక్కోవడమే. అయినా బాత్రూము కడగడం కూడా ఒక విద్యేనా అనుకుని, బకెట్ నిండా నీళ్ళు పట్టి నేల మీద గుమ్మరించాను. మన ఇళ్ళలో అయితే ఆ నీళ్ళు మూలనున్న జాలీలోంచి పోతాయి. ఆ బాత్రూము నేలకి జాలీ లేదు. అక్కడ నేలని కడగరట, తుడుస్తారట. నీళ్ళు గడప దాటి, చెక్క నేల మీదుగా, ఒక అతిథి పెట్టె కిందికి నింపాదిగా నడిచి వెళ్ళాయి. నేను చీపురు పట్టుకుని వాటి వెనకాల పరిగెత్తాను.

పెద్దావిడ వచ్చి చూసింది. తిట్టలేదు. పాత తువ్వాళ్ళు ఒక మోపు తెచ్చి, నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని తుడవడం మొదలుపెట్టింది. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి తిరిగి అనేసి తేలికపడేదాన్ని. వాళ్ళ భాష నాకు రాదు, ఇంగ్లీషు ఆవిడకు సరిగా రాదు. నోరుండీ ఏమీ చెయ్యలేక తల వంచుకుని తువ్వాళ్ళు పిండాను. తల కొట్టేసినట్టయింది. ఆ నెలంతా నేను మంచం దుప్పటి ఎలా మడిచినా ఆవిడ వెనకాలే వచ్చి మళ్ళీ మడిచేది. నవ్వుతూనే మడిచేది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండేది.

మా ఆయన సంగతి వేరు. తనకి మేకల పని ఇచ్చారు. పొద్దున్నే పాక శుభ్రం చేసి, మేకల్ని కొండ మీదికి తోలుకెళ్ళి తేవాలి. మొదటి రోజే నాలుకని అంగిలికి కొట్టి ఏదో చప్పుడు చేశాడు. ఎక్కడెక్కడో ఉన్న మేకలు తలలెత్తి తన వైపు నడిచొచ్చాయి. పెద్దాయన ఆశ్చర్యపోయి తన భుజం తట్టాడు. "ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాను. "చిన్నప్పుడు నాయిన నన్ను ఆడిచ్చేటప్పుడు గిట్లనే చేస్తుండె," అన్నాడు. లారీ డ్రైవరుకి మేకల చప్పుడు ఎలా వచ్చిందో నాకు తట్టలేదు. తట్టి ఉండాల్సింది.

భోజనాలు మాత్రం అందరం ఒకే బల్ల దగ్గర. పెద్దాయన రొట్టె కోసి ముందు మాకు ఇచ్చేవాడు. మేము వండిన పప్పుచారుకి ఇద్దరూ ముక్కులు కారుస్తూ, మళ్ళీ కావాలని పళ్ళేలు చాపేవారు. మధ్యాహ్నం నుంచి మేము ఊళ్ళు తిరిగేవాళ్ళం. ఫొటోలు తీసుకునేవాళ్ళం.

ఆ ఫొటోల విషయంలో నేను పడిన జాగ్రత్త అంతా ఇంతా కాదు. రోజూ కూర్చుని ఒక్కొక్కటీ కత్తిరించేదాన్ని. మూలన బకెట్ కనబడితే తీసేశాను. గోడకు ఆనించిన చీపురు తీసేశాను. మా ఆయన గమ్‌బూట్లకు అంటిన పెంట తీసేశాను. నా ఏప్రన్ కనబడిన ఫొటోలో మొహం వరకే ఉంచాను. అన్నీ చూసుకున్నాకే అమ్మకి పంపేదాన్ని. మా గది ఫొటో ఒకటి మరీ అందంగా వచ్చింది. తెల్ల గోడ, పూల దుప్పటి, రాతి తొట్టిలో పుస్తకాలు, దీపం. అందులో కత్తిరించాల్సిందేమీ నాకు కనబడలేదు.

తిరిగొచ్చాక వచ్చిన మొదటి ఆదివారం మామగారు అందరినీ భోజనానికి పిలిచారు. మా అమ్మానాన్నలు కూడా వచ్చారు. అత్తగారు మటన్, గారెలు చేశారు. మా అమ్మ కూర్చున్న దగ్గర్నుంచీ ఫోన్ పట్టుకునే ఉంది.

"వాళ్ళకి పెద్ద ఫార్మ్‌హౌసేనండీ వదినగారూ. వీళ్ళ కోసం విడిగా గది ఇచ్చారు. చూడండి ఎంత ముచ్చటగా ఉందో," అంటూ అత్తగారికి చూపించింది. ఆ ఫోన్ చేతులు మారి మామగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన అన్నం కలిపిన చేతిని పక్కకు పెట్టుకుని, ఎడం చేత్తో కళ్ళజోడు సర్దుకుని, బొటనవేలితో చూపుడువేలితో ఫొటోని పెద్దది చేశారు. ఇంకా పెద్దది చేశారు.

"గిది గాడి గదా, బిడ్డా?" అన్నారు.

మా ఆయన అందుకున్నాడు. "అవ్ నాయినా, పాత ఇల్లు గదా, గందుకే..." అని ఆగిపోయాడు. అబద్ధం తనకి చేతకాదు.

"దోస్తు ఇల్లంటివి గదరా. దోస్తును కొట్టంల పండవెడతరా?"

ఎవరూ మాట్లాడలేదు. నాకు నిశ్శబ్దం పడదని ముందే చెప్పాను. పైగా నెలంతా దాచి దాచి విసిగిపోయి ఉన్నాను. ఇక దాగేలా లేదు, నవ్వులో కలిపేద్దాం అనుకున్నాను. అప్పుడు నాకు ఒక మాట గుర్తొచ్చింది. అంతకు ముందు ఎప్పుడో అత్తగారి అక్క ఊరి నుంచి వచ్చినప్పుడు, "గప్పుడు మా దిక్కు పోరగాండ్లంత జీతం ఉంటుండె," అంది. నాకు తెలిసిన జీతం ఒకటో తారీఖున బ్యాంకులో పడేది. జీతం ఉండటమంటే ఉద్యోగం చేయడం కాబోలు, భలే ఉందే అని ఆ మాటని దాచిపెట్టుకున్నాను. అప్పుడు అత్తగారు ఉన్నట్టుండి నన్ను టీ పెట్టమని లోపలికి పంపారు. ఎందుకు పంపారో ఆలోచించలేదు.

నడుం మీద చెయ్యి పెట్టుకున్నాను. "దోస్తు లేడు, గీస్తు లేడు మామా! మీ కొడుకు ఆడ జీతం ఉన్నడు. మేకలు గాసిండు, పెంట ఎత్తిండు. బువ్వ వెట్టిన్రు, కొట్టంల పండవెట్టిన్రు. గంతే!"

మా నాన్న పకపకా నవ్వారు. అమ్మ, "మేకలు కాయడమేంటే? ఆ పని చెయ్యడానికా అంత దూరం వెళ్ళారు?" అంది. నేను మామగారి నవ్వు కోసం చూస్తున్నాను.

ఆయన ఫోన్‌ని బోర్లా పెట్టారు. ఆయన చెయ్యి కలిపిన అన్నం మీద అలాగే ఉండిపోయింది. పళ్ళెంలో ఒక్క మెతుకు వదలని మనిషి ఆయన. మెతుకు కింద పడితే ఏరి నోట్లో వేసుకుంటారు. అలాంటి మనిషి సగం అన్నం వదిలేసి లేచారు. చెయ్యి కడుక్కుని, మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళిపోయారు. మా ఆయన తల ఎత్తలేదు. నాన్న నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఏదో తప్పన్నానని అర్థమైంది కానీ, ఏది తప్పో తెలియలేదు.

వంటింట్లోకి వెళ్ళాను. అత్తగారు ఆయన పళ్ళెం మీద మూత పెడుతున్నారు.

"నీకు ఎర్క లేక అన్నవని నాకు ఎర్కే," అన్నారు నా వైపు చూడకుండా. "మీ మామ చిన్నగున్నప్పుడు ఆళ్ల నాయిన తోల్కపోయి దొర కాడ జీతం వెట్టిండు. గొడ్లు గాసుడు, మేకలు గాసుడు, పెండ దీసుడు. పండుడు గూడ గా కొట్టంలనే, గాడి పక్కపొంటి. బువ్వ దూరంనుంచే ఆకుల ఏస్తుండిరి. పోతనంటె పోనియ్యరు. ఒకపారి ఉరికిండు. గుంజుకొచ్చి గదే గాడికి కట్టేసిన్రట, గొడ్డును కట్టేసినట్టు. నా పెండ్లయిన కాడ్నుంచి గీ ఇంట్ల గా మాట నేను గూడ అనలే, బిడ్డా."

ఆయన్ని ఆకట్టుకోవడానికి ఆయన మాటలే ఏరుకున్నాను కదా, అందులో ఆయన్ని కట్టేసిన మాటని కూడా ఏరి తెచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, మా అమ్మానాన్నల ముందు ఆయన మొహాన విసిరాను. పరాయి దేశంలో బాత్రూము కడిగిన సిగ్గు నిజానికి సిగ్గే కాదు. దాన్ని కత్తిరించి దాచుకోవడానికి నెలరోజులు తంటాలు పడ్డాను. ఆయనది మాత్రం దీపం పెట్టి మరీ చూపించాను.

డాబా మీదికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. అయినా వెళ్ళాను. మామగారు నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడి ఆకాశంలోకి చూస్తున్నారు. నాదర్‌గుల్ వైపు నుంచి వచ్చిన పైలట్ శిక్షణ విమానం ఒకటి చిన్నగా మోగుతూ చుట్టు తిరుగుతోంది.

"మామయ్యా," అన్నాను. ఎన్నడూ ఆయన్ని అలా పిలవలేదు. ఎప్పుడూ 'మామా' అనే. "నాకు ఆ మాట అర్థం తెలీదండీ. తెలీకుండా అన్నాను. తెలీకపోవడం కూడా తప్పే."

ఆయన నా వైపు తిరగకుండానే అడిగారు.

"ఆళ్లు మిమ్ముల ఏడ తినవెట్టిన్రు?"

"వాళ్ళతోనే, మామయ్యా. ఒకే బల్ల దగ్గర."

"పల్లాలు?"

"అవే పళ్ళేలు. మా పప్పుచారు వాళ్ళూ తిన్నారు."

"పోతమంటె పోనిచ్చిన్రా?"

"పెద్దావిడ ఏడ్చింది. బస్సు దాకా వచ్చి చీజ్ కట్టిచ్చి పంపింది."

ఆయన తల ఊపారు. "మేకలు మనోని మాట ఇన్నయా?"

"విన్నాయండీ. మీరు చేసే చప్పుడు చేస్తే వచ్చేవి." ఆ చప్పుడు ఆయన ఎక్కడ నేర్చుకున్నారో ఇప్పుడు నాకు తెలుసు.

"గట్లయితె అది జీతం గాదు, బిడ్డా," అన్నారు ఆయన. "పక్కన గూసోవెట్టుకోని తినవెట్టి, పోతమంటె ఏడ్సినోళ్లు దొరలెట్లయితరు? చుట్టపోళ్లు ఆళ్లు. చుట్టాలింట్ల పని జేసుడు తప్పేం గాదు. నువ్వు పరేషాన్ గాకు." మెట్ల వైపు నడుస్తూ అన్నారు. "నువ్వు మా మాట మాట్లాడతుంటె నాకు మంచిగుంటది. గా ఒక్కటి అనకు."

నేను ఓదార్చాల్సిన మనిషి నన్ను ఓదారుస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన కిందికి దిగి, మూత తీసి, చల్లారిపోయిన ఆ అన్నమే తిన్నారు. మెతుకు మిగల్చలేదు.

సాయంత్రం స్కూటర్ మీద ఎల్బీనగర్ దాటాక, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మా ఆయన అన్నాడు. "నేను చెప్పొద్దన్నది నా ఇజ్జత్ కోసం గాదు. నాయిన ఇనొద్దని." ఎరుపు ఆకుపచ్చ అయ్యేదాకా నేను తన వీపు వైపే చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నాతో ఎందుకు చెప్పలేదని అడగబోయి మానేశాను. నాతో చెబితే ఆ మాటని కూడా ఎప్పుడో ఒకప్పుడు నలుగురి ముందూ ఆడించేదాన్నేమో. తనకి ఆ భయం ఉండే ఉంటుంది.

ఆదివారాలు ఇప్పటికీ వెళ్తున్నాం. మామగారు అప్పటిలాగే ఉన్నారు. నాకే నోరు పెగలదు. ఏ మాట అనబోయినా, దాని వెనకాల ఏముందో నాకు తెలుసా అన్న భయం. ఆయన దగ్గర ఇప్పుడు మా ఇంటి తెలుగే మాట్లాడుతున్నాను. "కూర వెయ్యమంటారా?", "మజ్జిగ పొయ్యమంటారా?" అని మర్యాదగా అడుగుతున్నాను. మొన్న ఆయన మళ్ళీ మళ్ళీ మటన్ వడ్డించుకున్నారు. కావాలనే వడ్డించుకున్నారు. గరిటె గిన్నెలోనే ఉంచి, నా వైపు చూశారు.

"ఏం కోడలు పిల్లా, మా మాట మర్శినవా?"

"లేదు మామయ్యా," అన్నాను.

ఆయన ఇంకాస్త సేపు చూశారు. తర్వాత గరిటె వదిలేసి అన్నం కలుపుకున్నారు. పళ్ళేల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.